పట్టపగటి వెన్నెల

కత్తెర ఎండల్లో, పెన్న ఇసుక తెల్లగా మండే వేళ, నెల్లూరు ట్రంకు రోడ్డు మీద గాలి కూడా కదలనని మొండికేసిన పదకొండు గంటలప్పుడు, టికెట్టు చింపించుకొని ఒక పాత హాల్లోకి అడుగు పెట్టండి. వాకిలికి వేలాడే బరువైన గుడ్డతెర ఒకసారి తొలగి, మళ్లీ వాలి, ఎండనంతా వెనకనే ఆపేస్తుంది. కళ్లింకా చీకటికి అలవాటు పడవు. చేతులు కుర్చీల వీపులు తడుముకుంటూ వరస వెతుక్కుంటాయి. అంతలో ఎదురుగా నీళ్లు! నీళ్ల మీద పడవ, పడవలో శశిరేఖ, ఆమె పక్కన అభిమన్యుడు, పైన నిండు చంద్రుడు. కొలను మీద పరుచుకున్న ఆ వెండి వెలుగు తెర అంచు దాటి, ముందు వరసల వాళ్ల నుదుళ్ల మీదికీ చెంపల మీదికీ జాలువారుతుంది. బయట పట్టపగలు, లోపల పున్నమి. ఇంత చల్లని మాయ ఇంకెక్కడ దొరుకుతుంది!

మార్కస్ బార్‌ట్లే తన కెమెరాతో కాయించిన ఆ వెన్నెల 1957 మార్చి 27న తొలిసారి తెర మీదికొచ్చింది. 'మాయాబజార్' మనకు కంఠస్థం. పండగ పూట టీవీలో చూశాం, ప్రయాణంలో ఫోనులో చూశాం, పెళ్లిళ్లలో దాని మాటలు వల్లించుకున్నాం. అయినా హాల్లో చూడనివాళ్లు ఆ సినిమాను సగమే చూశారని నా గట్టి నమ్మకం. అరచేతి గాజుపలక మీద ఆ వెన్నెల ఒక తెల్లని మచ్చ. పెద్ద తెర మీద అది ఒక ఋతువు. అక్కడ తెలుపు ఒక్కటి కాదు: పాలతెలుపు, ముత్యపు తెలుపు, పొగమంచు తెలుపు, నీటి అలల మీద వణికే తెలుపు. నలుపూ ఒక్కటి కాదు: కురుల నలుపు, చెట్టుగుబురుల నలుపు, పడవ నీడలోని మెత్తని నలుపు. 2010 జనవరి 30న ఈ సినిమా రంగులద్దుకొని మళ్లీ వచ్చినప్పుడు కొత్త పిల్లలెందరో దాన్ని చేరదీశారు, సంతోషం. కానీ ఆ నలుపు తెలుపుల్లో లేని రంగేదో నాకింతవరకూ కనబడలేదు!

ఆ పడవ పాటను హాల్లో మరోమారు చూడండి. పడుచు జంట తరవాత కృష్ణుడూ రుక్మిణీ వస్తారు, వాళ్ల తరవాత బలరాముడూ రేవతీ వస్తారు. కొలను అదే, చంద్రుడు అదే, మూడు జంటల వెన్నెల మాత్రం మూడు రకాలు. మొదటి జంటది తొందర వెన్నెల. రెండోది చిలిపి వెన్నెల. మూడోది, కోపాలూ తాపాలూ దాటి, ఇన్నేళ్ల కాపురం తరవాత మళ్లీ ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకొని ఆశ్చర్యపోయే వెన్నెల. చిన్న తెర మీద ఇది పాట నడిపించే ముచ్చట. హాల్లో, పక్క సీటులో తెల్లబడిన తలలు రెండు కాస్త దగ్గరికి జరిగినప్పుడు, ఇది మనుషుల జీవితమంత పొడుగున్న పాట!

భరతముని నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో నాట్యగృహాల కొలతలు చెప్పాడు. వికృష్టం, చతురస్రం, త్ర్యస్రం అని ఆకారాలు మూడు; జ్యేష్ఠం, మధ్యమం, అవరం అని పరిమాణాలు మూడు. మనుషులకు తగినది అరవైనాలుగు మూరల పొడుగు, ముప్పైరెండు మూరల వెడల్పున్న మధ్యమ గృహమే అన్నాడు. అంతకన్నా పెద్దదైతే మాట అందదు, ముఖంలోని భావం కనబడదు, రసం చెదిరిపోతుంది. ఆ ఋషి ఎంత నిశితంగా ప్రేక్షకుడి కన్నును తలచుకున్నాడో చూడండి! సినిమా హాలు ఆయన భయాన్ని తీర్చేసింది. గుడారమంత ముఖం, గుమ్మమంత కన్ను, గొంతు తడబాటు చివరి వరస దాకా. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారి లక్ష్మణకుమారుడి ఎదుట నిలిచిన ఘట్టంలో సావిత్రి కనుబొమను చూడండి. ఆడరూపంలో మగరాక్షసుడు. భుజం ఒక్కసారి విరుచుకొని, వెంటనే గుర్తొచ్చి, సిగ్గు నటించి, ఆ సిగ్గు చాటునుంచి మళ్లీ మీసం మెలేసే కొంటెతనం తొంగిచూస్తుంది. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి వేషంలోని రేలంగి పాదం నలిగినప్పుడు ఆమె పెదవి కొస ఒక వెంట్రుకవాసి కదులుతుంది. ఆ వెంట్రుకవాసి చలనానికి హాలు హాలంతా పగలబడి నవ్వుతుంది! భరతుడు ఆ వరసల్లో కూర్చొని ఉంటే తన కొలతలు తానే చెరిపి రాసుకునేవాడు.

చూడటం తెలిసిన నెల్లూరు తీరం ఇది. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు దిగితే బళ్లు కట్టుకొని వెళ్లి చూసిన తీరం. నేలపట్టు చెట్ల మీద గూడబాతులు పిల్లల్ని సాకుతుంటే గట్టు మీద గంటలు నిలబడి చూసిన తీరం. శ్రీహరికోటలో రాకెట్టు లేస్తే పొలంలో పని ఆపి, నుదుటికి చేయి అడ్డం పెట్టుకొని, నిప్పుచుక్క మేఘంలో కలిసేదాకా చూసిన తీరం. అలాంటి చోట, 2019 ఆగస్టులో, సూళ్లూరుపేట దగ్గర, చెన్నై నుంచి కలకత్తా పోయే రహదారి పక్కన, వంద అడుగుల వెడల్పు దాటిన వి ఎపిక్ తెర లేచింది. 'సాహో'తో మొదలైన ఆ హాలుకు తమిళనాడు నుంచి కూడా కార్లు బారులు తీరి వస్తాయి. అప్పటికి మహానగరాలకు దక్కని తెర ఒక పల్లె పొలిమేరకు దక్కింది. ఆ తెర ముందు కూర్చున్నప్పుడు తల కాస్త పైకెత్తాలి, చూపు ఈ కొసనుంచి ఆ కొసకు నడవాలి. సముద్రం ఒడ్డున నిలబడ్డవాడు దిగంతాన్ని చూసే తీరే అది. ఆ తెర మీద బార్‌ట్లే వెన్నెల ఒక్కనాడు కాస్తే! తలుచుకుంటేనే ఒళ్లు పులకరిస్తుంది.

పాత సినిమాను మళ్లీ మళ్లీ తెర మీద చూసుకోవడం మనకు ఎవరో నేర్పిన విద్య కాదు. పారిస్‌లో హెన్రీ లాంగ్వా, జార్జ్ ఫ్రాంజులు 1936లో సినిమాతెక్ పెట్టి పాత బొమ్మల్ని కాపాడి చూపించారు. కలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తాలు 1947లో ఫిల్మ్ సొసైటీ పెట్టారు. ఆ మహానుభావులకు దండాలు. మన పల్లెల్లో ఆ పని టూరింగ్ టాకీసులు చేశాయి, పట్నాల్లో మార్నింగ్ షోలు చేశాయి. కోతలయ్యాక డేరా లేచేది. మైకులో ఘంటసాల గొంతున వేంకటేశ్వరుడి పాట మొదలైతే టికెట్లు ఇస్తున్నారని ఊరికి తెలిసిపోయేది. నేల, బెంచీ, కుర్చీ. నేల టికెట్టు వాళ్లు ఇసుకను గుట్టగా పోసుకొని ఎత్తుగా కూర్చునేవాళ్లు. పట్నాలు చూసి, తాలూకాలు చూసి, అరిగి అరిగి డేరాకు చేరిన కాపీ అది. బొమ్మ మీద సన్నగా వాన కురుస్తూ ఉండేది. మాట ఎగిరిపోతే జనమే అందుకొని పూర్తి చేసేవాళ్లు. ఆ గీతల వానలో తడుస్తూ 'పాతాళ భైరవి' తోటరాముడు కోటగోడ దాటుతుంటే, పైన డేరా చిరుగుల్లోంచి నిజం చుక్కలు చూస్తుంటే, ఆహా, ఏ రాజమందిరంలో ఏ రాజుకు ఆ నాటకశాల దక్కింది!

నెల్లూరు చేపల పులుసు వండిన పూట కంటే మర్నాటికి రుచెక్కుతుంది. మంచి సినిమా సంగతీ అంతే. మొదటిసారి కథ చూస్తాం. ఏం జరుగుతుందోనన్న ఆత్రుత కంటికి గంతలు కడుతుంది. కథ తెలిసిపోయాక, ఆ గంతలు విప్పుకొని, రెండోసారి మనుషుల్ని చూస్తాం, మూడోసారి నీడల్ని చూస్తాం, ఆ తరవాత మౌనాల్ని వింటాం. తెలిసిన నవ్వు కోసం ముందే పెదవులు సిద్ధమవుతాయి. తెలిసిన కన్నీరు రాకముందే గొంతు బరువెక్కుతుంది. ఎదురుచూడటమే ఒక రసమవుతుంది! హరికథ విన్న తరం, వీధినాటకం చూసిన తరం, తెలిసిన రామాయణాన్నే తెల్లవార్లూ విన్న తరం మనది. తిక్కన సోమయాజి భారతాన్ని నాటకంలా నడిపించిన ఊరు నెల్లూరు. ఆ ఊళ్లో, వ్యాసుడు రాయని శశిరేఖ పరిణయాన్ని భారతమంత ప్రేమతో జనం చూశారంటే ఆశ్చర్యం లేదు.

'మాయాబజార్'లోనే ఒక పెట్టె ఉంది: ప్రియదర్శిని. తెరిచినవారికి, వారి మనసుకు ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి నగలు, కృష్ణుడికి శకుని. ఎవరి పెట్టె వారిది, ఎవరి బొమ్మ వారిది. ఇప్పుడు ప్రతి జేబులో ఒక ప్రియదర్శిని ఉంది. దాన్ని నేనూ ప్రేమిస్తాను. కానీ ఘటోత్కచుడు కట్టినది పెట్టె కాదు, పట్నం. దీపాలూ, అంగళ్లూ, విడిదులూ, పరుపులూ, పలకరింపులూ ఉన్న పట్నం. అందరూ కలిసి అడుగుపెట్టి, అందరూ కలిసి మోసపోయి, అందరూ కలిసి మురిసిపోయిన మాయ. హాలు ఆ బజారు. అక్కడ నా ప్రియం, నీ ప్రియం అని విడిగా ఉండవు. వెలుగు ఒకే గవాక్షంలోంచి వస్తుంది, ఒకే తెర మీద పడుతుంది, వందల కళ్లలో ఒకేసారి మెరుస్తుంది. ఒకరి భావం అందరి భావం కావడాన్ని ఆలంకారికులు సాధారణీకరణం అన్నారు; పుస్తకంలో చదివితే అది శాస్త్రం. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు వివాహ భోజనం ముందు కూర్చొని గద పక్కన పెట్టి, లడ్డూలు వాటంతటవే లేచి నోట్లోకి దూకుతుంటే, తాతా మనవడూ ఒకే శ్రుతిలో కేరింతలు కొట్టినప్పుడు, అది అనుభవం. ఆ నవ్వులో నేను ఎక్కడ ఆగానో, పక్కవాడు ఎక్కడ మొదలయ్యాడో ఎవరు చెప్పగలరు!

పైగా ఆ బజారులో మనవాళ్లున్నారు. ఘటోత్కచుడి ఆశ్రమంలో లంబు జంబులకు మంత్రాలు నేర్పే చిన్నమయ్యగా గాలికి ఊగే వెదురులా నిలిచిన రమణారెడ్డి నెల్లూరు జిల్లా జగదేవిపేట బిడ్డ. ఒంట్లో ఎముకలేవీ లేనట్టు వంగే ఆ నడుము, ముక్కులోంచి సాగదీసే ఆ మాట, తెర మీదికి ఆయన రాగానే నెల్లూరు హాల్లో ఒక ప్రత్యేకమైన కదలిక పుడుతుంది. సొంత ఊరివాడు తిరునాళ్లలో ఎదురుపడ్డ సంబరం అది. తెర వెనక దర్శకుడు కె.వి. రెడ్డి గారి పక్కన సహాయకుడిగా నిలబడి ఆ మాయనంతా కళ్లతో తాగిన యువకుడు ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు.

ఆ శిష్యుడు 1987లో తీసిన 'పుష్పక విమానం' హాల్లోనే చూడాల్సిన సినిమా. అందులో మాట లేదు. పాత్రలు మాట్లాడవు కనుక ఆ సినిమాకు మాటలు రాసేది ప్రేక్షకులే. ఎవరో ముసిముసిగా మొదలుపెట్టిన నవ్వు, బాల్కనీ నుంచి జారిన ఒక అయ్యో, చిన్నపిల్ల గుసగుసగా అడిగిన ప్రశ్న, ఇవే దాని సంభాషణలు. ఒంటరిగా చూస్తే అది మూకీ, నలుగురితో చూస్తే నిండు టాకీ! అందులోని నిరుద్యోగి నాయకుడు సినిమా హాలు రొదకు ఆనుకున్న గదిలో బతికినవాడు. నక్షత్రాల హోటల్లో పట్టుపరుపు మీద వాడికి నిద్ర పట్టదు. ఆ రొదనే టేపులోకి ఎక్కించుకొచ్చి, తలగడ పక్కన మోగించుకొని, హాయిగా నిద్రపోతాడు. హాలు శబ్దం జోలపాట అయిన ఆ క్షణంలో, హాల్లో కూర్చున్న మనం నవ్వుతూనే చెమ్మగిల్లుతాం. సినిమా మీద ఇంత ముద్దైన ప్రేమలేఖ ఇంకొకటి నేను ఎరగను!

ఇక నాదం. నెల్లూరు వాడై దేశమంతా పాడిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును హాలు ఎలా మోస్తుందో 'శంకరాభరణం'లో వినాలి. 1980 ఫిబ్రవరి 2న వచ్చిన సినిమా. తొలిరోజుల్లో హాళ్లు వెలవెలబోయాయి. విన్నవాళ్లు వినని వాళ్లకు చెప్పారు, ఆ తరవాత ఊళ్లు కదిలాయి. ఆయనకు మొదటి జాతీయ పురస్కారం తెచ్చిన పాట అందులోదే. మంద్రంలో ఆ గొంతు దిగినప్పుడు శబ్దం చెవికి కాదు, గుండె ఎముకకు తగులుతుంది. బాలు మహేంద్ర కెమెరా కథానాయకుడు శంకరశాస్త్రి ముఖం మీద దీపకాంతిని అంతే నెమ్మదిగా పూస్తుంది. ముగింపు కచేరీలో శాస్త్రి గొంతు ఆగిపోతుంది. పాట నడిమధ్యన. హాలు ఊపిరి బిగబడుతుంది. ఆ బిగబట్టిన ఊపిరిలోకి పసివాడి గొంతు లేచి, తెగిన చరణాన్ని అందుకొని, ముందుకు తీసుకుపోతుంది. ఏమి ఊరట! విద్య చావదని వెయ్యి ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ ఒక్క అందుకోవడంలో ఉంది. ఆ క్షణాన హాల్లో చప్పట్లు కొట్టినవాళ్లనూ చూశాను, చేతులు జోడించినవాళ్లనూ చూశాను. ఇంట్లో అదే చోట మనం రిమోటు వెతుక్కుంటాం.

నవ్వు పంచినట్టే హాలు బరువునూ పంచుతుంది. 1939లో 'ఫిడేలు రాగాల డజన్'తో తెలుగు కవిత్వాన్ని ఉలిక్కిపడేలా చేసిన నెల్లూరు పఠాభి, తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, 1970లో అనంతమూర్తి నవలను కన్నడంలో 'సంస్కార' అనే సినిమా చేశాడు. మొదట సెన్సారు నిషేధించింది. తరవాత కన్నడానికి తొలి స్వర్ణకమలం తెచ్చింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కోవన్ కెమెరా పట్టాడు. అగ్రహారంలో ఒకడు చనిపోయాడు. దహనం ఎవరు చేయాలో తేలదు. శవం లేవదు, పొయ్యి వెలగదు. ప్రాణేశాచార్యుడిగా గిరీశ్ కర్నాడ్ మౌనంగా నడుస్తుంటాడు. ఇంట్లో ఆ మౌనాన్ని మనం భరించం, లేచిపోతాం. హాల్లో లేచిపోలేం. చీకటి మనల్ని కూర్చోబెడుతుంది, పక్కవాడి నిశ్చలత మనల్ని కూర్చోబెడుతుంది. కూర్చున్నకొద్దీ ఆ మౌనం విచ్చుకుంటుంది, ఆ నలుపులో నలుపు, ఆ మనిషి కంటి కింది అలసట, అడవిలో ఆకుల మీద వెలుగు. శాంతమూ బీభత్సమూ ఒకే ఫ్రేములో పక్కపక్కన కూర్చున్న ఆ సౌందర్యానికి ఏ పేరు పెట్టాలి! తన కొడుకు తీసిన ఇంత గొప్ప బొమ్మను నెల్లూరు పెద్ద తెర మీద మళ్లీ మళ్లీ చూసుకోవాలి.

ఈ మధ్య పాత బొమ్మలకు మంచి రోజులు వచ్చాయి. 2022 ఆగస్టు 9న మహేశ్‌బాబు పుట్టినరోజుకు 'పోకిరి' మళ్లీ వచ్చింది, సెప్టెంబరులో 'జల్సా' వచ్చింది, ఇక ఆ వరస ఆగలేదు. అభిమానులు తెర ముందు నిలబడి, ప్రతి మాట ముందే పలికి, ప్రతి పాటకు ఆడి, హాలును తిరునాళ్ల చేశారు. ఆ ఉత్సాహం నాకెంతో ఇష్టం. డేరాలో ఎగిరిపోయిన మాటను అందుకున్న జనానికి వీళ్లే వారసులు. 2025 ఏప్రిల్‌లో సింగీతం వారి 'ఆదిత్య 369' కొత్త మెరుగులతో తెర మీదికి వచ్చింది. కాలయంత్రం ఎక్కి రాయలవారి కొలువుకు వెళ్లే ఆ సినిమాయే కాలం దాటి కొత్త పిల్లల్ని చేరింది. పాత బొమ్మకు టికెట్టు తెగుతుందని ఇలా రుజువైంది. పుట్టినరోజులకు వెలిగిన ఈ దీపం మామూలు రోజులకూ వెలగాలి. హీరోల పేరు మీద వచ్చిన జనం బార్‌ట్లే పేరు మీద, సావిత్రి పేరు మీద, పఠాభి పేరు మీద కూడా రావాలి.

కనుక హాళ్లు నడిపే పెద్దలకు నా విన్నపం ఇది. కొత్త సినిమాలు మీకు బతుకుతెరువు, వాటిని చల్లగా నడుపుకోండి. వారంలో ఒక్క మార్నింగ్ షో, ఆదివారం ఒక్క ఆట, పాత బొమ్మకు వదలండి. 'మాయాబజార్'తో మొదలుపెట్టండి, 'పుష్పక విమానం' వేయండి, 'శంకరాభరణం' వేయండి, ధైర్యం చేసి 'సంస్కార' వేయండి. నెల్లూరులో, కావలిలో, గూడూరులో, సూళ్లూరుపేటలో వేయండి. ఇక మీకు, ఈ రసాన్ని నాతో పంచుకోవడానికి ఇంతసేపు కూర్చున్న పాఠకులకు ఒక మాట. ఆ ఆట పడిన రోజు ఇంట్లో పెద్దవాళ్లనూ పిల్లలనూ వెంటబెట్టుకొని రండి. పేర్లు పడకముందే కూర్చోండి. ఫోను ఆపేయండి. శుభం పడేదాకా లేవకండి. బాగుంటే గట్టిగా చప్పట్లు కొట్టండి, బయటికొచ్చాక నలుగురికి చెప్పండి. 'శంకరాభరణం' నిలబడింది అలా చెప్పుకోవడం వల్లనే. పాత సినిమాను పొగిడితే సరిపోదు, టికెట్టు కొని చూడాలి.